తప్పు డ్రైవర్‌దేనట! (వాడ ముచ్చట్లు – 17)



హాస్టల్ మెస్ చార్జీల గురించి రాస్తానని పోయినసారి మాటిచ్చాను. అది వచ్చే వారానికి జరిపాను, తిట్టుకోకండి. మొన్న ఒక విద్యార్థి ఫోన్ చేశాడు. "మేడం, మా నాయినకు గూడ్స్ బండి వచ్చి రెండు నెలలైంది. గేర్ పడ్తలేదు. షోరూమోళ్లను అడిగితే నీకు డ్రైవింగ్ రాదు అంటున్నరట. ఏం చేయాలె?" అన్నాడు. ఆ మాట విన్నాక వేరే దేని గురించీ రాయబుద్ధి కాలేదు. సరిగ్గా ఈ మాటనే మా తమ్ముడి విషయంలో దాదాపు ఏడాది పాటు విన్నాను.

మా తమ్ముడికి డ్రైవింగ్ రాదట. పదహారేళ్లకు లారీ మీద క్లీనర్‌గా ఎక్కాడు వాడు. జాకీ పెట్టడం, స్టెప్నీ మార్చడం, డ్రైవర్‌కు కునుకు పట్టకుండా తెల్లార్లూ ఏదో ఒకటి మాట్లాడుతూ కూర్చోవడం, ఇవన్నీ ఏళ్ల తరబడి చేశాక గానీ స్టీరింగ్ చేతికి రాలేదు. ఆ తర్వాత పదకొండేళ్లు పరాయి బండ్లు నడిపాడు. ఒక్క కేసు లేదు. ఇంజిన్ చప్పుడు విని ఎక్కడ తేడా ఉందో చెప్తాడు. అలాంటి మనిషికి సొంత బండి వచ్చిన పన్నెండో రోజున డ్రైవింగ్ రాకుండా పోయింది!

మాది శంషాబాద్ పక్క పల్లె. మా వాడలో మేడ ఎక్కితే ఎయిర్‌పోర్టు దీపాలు కనబడతాయి. 2008 మార్చిలో అది మొదలైనప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. సుమారు 5,500 ఎకరాలు దాని కింద పోయాయి. భూమి ఉన్నవాళ్లకు ఎంతో కొంత పరిహారం వచ్చింది. ఆ భూముల్లో కలుపు తీసి, నాట్లు వేసి బతికిన మా అవ్వకు ఏ కాగితమూ రాలేదు. 1894 నాటి భూసేకరణ చట్టానికి కూలి మనిషి కనబడదు. కూలీలనూ కౌలుదారులనూ బాధిత కుటుంబాల్లో లెక్కగట్టిన చట్టం 2013లో వచ్చి, 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికి మా నెత్తి మీద విమానాలు తిరగబట్టి దగ్గర దగ్గర ఆరేళ్లు. అవ్వ శంషాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలులో గిన్నెలు తోమే పనికి పోయింది, తమ్ముడు లారీ ఎక్కాడు. పొలం పని పోయిన చోట రవాణా పని పుట్టింది. కార్గో టెర్మినల్, గోదాములు, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు, కాటేదాన్ ఫ్యాక్టరీలు. వీటి మధ్య సరుకు మోసే బండ్లలో సగం స్టీరింగ్‌ల వెనక మా వాడలాంటి వాడల పిల్లలే ఉంటారు. బండి మాత్రం వాళ్లది కాదు.

అందుకే దళితబంధు వచ్చినప్పుడు మావాడు ఇంకో ఆలోచన చేయలేదు. 2021 ఆగస్టులో హుజూరాబాద్‌లో మొదలైంది ఆ పథకం. కుటుంబానికి 10 లక్షలు, తిరిగి కట్టక్కర్లేదు. తర్వాత మిగతా నియోజకవర్గాల్లోనూ వందేసి కుటుంబాలను తీసుకున్నారు. ఆ వందలో మా నాయిన పేరు వచ్చింది. ఎన్నికల కోసం పెట్టారు, వంద మందికిచ్చి వేల మందిని లైన్లో నిలబెట్టారు అని నేనే ఇక్కడ రెండు భాగాలు రాశాను. అందులో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. కానీ నాయిన పేరు లిస్టులో ఉందని తెలిసిన రోజు మా ఇంట్లో పొయ్యి మీద ఏం వండారో కూడా నాకు గుర్తుంది. మీ ఇంట్లో పేరు వచ్చి ఉంటే మీకూ తెలిసేది.

2022 సెప్టెంబర్‌లో బండి చేతికి వచ్చింది. టన్నున్నర మోసే గూడ్స్ బండి. షోరూములో దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, అట్టతో చేసిన పేద్ద తాళంచెవి చేతికిచ్చి ఫోటో తీశారు. నాయిన ముందు సీట్లో కూర్చున్నాడు. ట్రాక్టర్ ట్రాలీలో, లారీ టాపు మీద, డీసీఎం వెనక నిలబడి తిరిగిన మనిషి. ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు, కిటికీ అద్దం దించడం ఎక్కించడం మాత్రం చేశాడు.

పన్నెండో రోజు కాటేదాన్ నుంచి లోడుతో వస్తూ శంషాబాద్ దగ్గర ఔటర్ ర్యాంపు ఎక్కుతున్నాడు. మూడో గేర్. ఉన్నట్టుండి గేర్ తనంతట తాను జారి న్యూట్రల్‌లో పడింది. ఇంజిన్ ఒక్కసారి అరిచింది, బండి ఊపు ఆగిపోయింది. వెనకాల కంటైనర్ లారీ. బ్రేక్ కొట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, మళ్లీ మొదటి గేర్ వేసి ఎక్కించాడు. ఆ రాత్రి నాకు ఫోన్ చేశాడు. "అక్కా, కొత్త బండి గేర్ జారుతున్నది."

నేనేమన్నానో చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసం రాయడానికి నాకు హక్కు లేదు. "కొత్త బండి కదరా, చేయి అలవాటు కాలేదేమో, జరంత నిదానంగా నడుపు" అన్నాను. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్. దళితుల మాటకు సాక్ష్యం విలువ ఎందుకు ఉండదో సెమినార్లలో పేపర్లు చదివినదాన్ని. స్కూటీ తప్ప ఏదీ నడపనిదాన్ని. పదకొండేళ్ల డ్రైవర్‌కు నేను డ్రైవింగ్ సలహా ఇచ్చాను. వాడు "సరే అక్కా" అని ఫోన్ పెట్టేశాడు. షోరూము వాళ్లు అన్న మాట మొదట నేనే అన్నాను.

సర్వీస్ సెంటర్‌కు పోతే ఒక రౌండ్ తిప్పి చూసి, ఏం లేదు పొమ్మన్నారు. ఖాళీ బండిని తిప్పితే ఏముంటుంది? లోడు మీద, ఎత్తు మీద జారుతుందని వాడు మొత్తుకుంటే "ఓవర్‌లోడ్ ఏస్తున్నవా?" అని అడిగారు. రెండోసారి పోతే క్లచ్ సర్దామన్నారు. మూడోసారి ఆయిల్ మార్చామన్నారు. ఇంతలో నవంబర్‌లో ఇంజిన్ మొదలుపెట్టింది. డ్యాష్‌బోర్డ్ మీద పసుపు లైటు వెలగడం, ఆ తర్వాత ఎంత యాక్సిలరేటర్ తొక్కినా బండి లాగకపోవడం. ముచ్చింతల్ రోడ్డు మీద ఒక పూట మొత్తం నిలబడిపోయింది. అక్కడే కదా 216 అడుగుల రామానుజుల విగ్రహం, సమతామూర్తి. ఆ దారిన పోయే కార్లవాళ్లలో ఒక్కరూ ఆగలేదని తమ్ముడు చెప్పాడు. చివరికి ఆగింది గొర్రెల లోడుతో పోతున్న ఒక ఆటో ట్రాలీ.

ఇక్కడ కొంచెం యంత్రం సంగతి చెప్పాలి. నాకూ కొత్తగానే తెలిసింది, ఓపిక పట్టండి. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో అమ్మే కొత్త బండ్లన్నీ బీఎస్ 6 ప్రమాణానికి ఉండాలి. బీఎస్ 5 అనే మెట్టును దాటేసి 4 నుంచి నేరుగా 6కి ఎక్కారు. డీజిల్ బండికి పొగ గొట్టంలో ఒక జల్లెడలాంటిది పెట్టారు. డీపీఎఫ్ అంటారు. పొగలోని మసిని అది పట్టుకుంటుంది. పట్టుకున్న మసిని ఎప్పటికప్పుడు కాల్చేయాలి. అందుకు పొగ గొట్టం ఐదారు వందల డిగ్రీల దాకా వేడెక్కాలి. అంటే బండి పదిహేను, ఇరవై నిమిషాలు ఆగకుండా ఒక వేగంలో పరుగెత్తాలి. కార్గో గేటు ముందు లైన్లో రెండు గంటలు, ఇంజిన్ ఆపుతూ వేస్తూ పది గజాలు జరగడం, మళ్లీ ట్రాఫిక్‌లో కాటేదాన్. ఈ బతుకులో ఆ వేడి ఎక్కడ వస్తుంది? మసి నిండిపోతుంది. నిండితే ఇంజిన్‌ను కాపాడుకోవడానికి కంప్యూటర్ బలాన్ని కట్ చేస్తుంది. మసి కాలుతుండగా మధ్యలో తాళం తీసేస్తే ఇంకో నష్టం. అప్పుడు పోసిన అదనపు డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగి ఆయిల్ పలచబడుతుంది.

కాబట్టి నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. ఇంజిన్ లైటు విషయంలో, బండి నడిచిన తీరు వల్ల సమస్య వచ్చిందన్న వాళ్ల మాటలో నిజం ఉంది. కానీ ఆ బండి అమ్మేటప్పుడు అది ఏ పనికో వాళ్లకు తెలుసు. దండ వేయడానికి టైమున్నవాళ్లకు, కొబ్బరికాయ కొట్టడానికి టైమున్నవాళ్లకు, "తమ్మీ, ఈ లైటు పడితే బండి ఆపకు, షాద్‌నగర్ రోడ్డు మీద ఇరవై నిమిషాలు ఏకధాటిగా పోనియ్యి" అని చెప్పడానికి అర నిమిషం లేదు. పుస్తకంలో ఉందన్నారు. పుస్తకం ఇంగ్లిష్‌లో ఉంది. నేను చదివాను. నాకే అర్థం కావడానికి రెండు సార్లు పట్టింది.

గేర్‌బాక్స్ విషయంలో మాత్రం అలాంటి సందేహమే లేదు. కాటేదాన్‌లో ముప్పై ఏళ్లుగా గేర్‌బాక్సులు విప్పుతున్న ఒక భాయ్ దగ్గరికి తమ్ముడు నన్ను తీసుకుపోయాడు. ఆయన బండి ఎక్కి ఒక్క ఎత్తు ఎక్కించి దిగాడు. రెండు చేతుల వేళ్లూ ఒకదానిలో ఒకటి జొప్పించి నాకు చూపించాడు. గేర్ పడటమంటే పళ్లు ఇలా ఒకదాన్నొకటి పట్టుకోవడం. పళ్లు సరిగ్గా కోయకపోయినా, వాటిని తోసే ఫోర్క్ సరిగ్గా కూర్చోకపోయినా, లోడు పడగానే ఇలా జారిపోతాయి. అని చెప్పి వేళ్లు విడదీశాడు. "పాత బండ్లకు అరిగి ఇట్లయితది బేటీ. నాలుగు వేల కిలోమీటర్ల బండికి అయిందంటే పుట్టుకలనే ఉన్నది." విప్పి చూపించమన్నాను. నవ్వాడు. "నేను విప్పితే వారంటీ పోతది. విప్పాల్సినోడు విప్పడు."

తర్వాతిసారి సర్వీస్ సెంటర్‌కు నేనూ పోయాను. చీర కట్టుకుని, మెడలో కాలేజీ ఐడీ కార్డు వేసుకునే పోయాను. కావాలనే. అక్కడి కుర్రాడు మా తమ్ముడిని చూసి "నువ్వు ఆడ కూసో" అన్నాడు. నా వైపు తిరిగి "చెప్పండి మేడం" అన్నాడు. ఇద్దరమూ ఒకే అవ్వ కడుపున పుట్టినవాళ్లం. బండి ఎవరు నడుపుతున్నారో వాడికి "నువ్వు", ఎవరికి గేర్ అంటే తెలియదో ఆమెకు "మీరు". తెలుగు వ్యాకరణంలో గౌరవార్థక బహువచనం అనే పాఠం ప్రతి ఏడాదీ చెబుతాను. ఈ ఉదాహరణ ఏ పుస్తకంలోనూ లేదు.

పాత జాబ్ కార్డులు అడిగి తీసుకున్నాను. నా పీహెచ్‌డీ ప్రతుల పోలిక మీద. ఏ ప్రతిలో ఏ పదం మారింది, ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అన్నదే నా పని. అవి చదివాక తల తిరిగింది. తమ్ముడు చెప్పింది: లోడుతో ఎత్తు ఎక్కుతుంటే మూడో గేర్ జారుతోంది. కార్డులో కస్టమర్ కంప్లైంట్ అన్న చోట రాసింది: జనరల్ చెకప్. మళ్లీ చెప్పింది: మూడో గేర్ జారుతోంది, కంటైనర్ కింద పడేవాణ్ని. రాసింది: క్లచ్ చెక్, డ్రైవింగ్ హ్యాబిట్ ఎక్స్‌ప్లెయిన్డ్. నాలుగు సార్లు పోతే నాలుగు కార్డుల్లో ఒక్కదానిలోనూ గేర్ అన్న మాటే లేదు. కింద మాత్రం నాలుగింటి మీదా మా తమ్ముడి సంతకం ఉంది. ఇంగ్లిష్‌లో ఏముందో చదవకుండా, అడగడానికి మొహమాటపడి పెట్టిన సంతకం. రేపు కోర్టులో నిలబడితే, ఈ బండి గేర్ గురించి ఎన్నడూ ఫిర్యాదే రాలేదు అంటారు. వాళ్ల దగ్గర మావాడి సంతకంతోనే సాక్ష్యం ఉంది.

విద్యార్థి మిత్రులారా, ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి. మీ నాయిన, మీ అన్న బండి సర్వీస్‌కు పోతుంటే ఒక్కసారి వెంట పోండి. జాబ్ కార్డులో చెప్పిన మాట చెప్పినట్టు రాయించండి. రాయనంటే అదే కార్డు మీద మీ చేత్తో తెలుగులో రాసి, అప్పుడు సంతకం పెట్టించండి. ఫోటో తీసుకోండి. వాళ్లు కంప్యూటర్ పెట్టి బండి నుంచి తీసే ఎర్రర్ కోడ్‌ల కాగితం అడగండి. అది మీ బండి చెప్పిన మాట. దానికి "నువ్వు", "మీరు" తేడా తెలియదు.

మా తాత మోటలు కుట్టేవాడు. కరెంటు మోటార్లు రాక ముందు బావి నీళ్లు తోడే తోలు మోట, దాని తొండం, ఎడ్ల మెడకు పట్టెడలు, అన్నీ మాదిగ చేతులవే. మోట కారిందంటే ఊళ్లోంచి కబురొచ్చేది. తాత అన్నం ముందునుంచి లేచి పోయేవాడని నాయిన చెప్పేవాడు. "నువ్వు మోట సరిగ్గా తోలలేదు పటేలా, ఎడ్లను ఎక్కువ గుంజినవు" అనే ధైర్యం తాతకు ఎక్కడిది? కుట్టినవాడిదే తప్పు. పోయి, బావి గడ్డ మీద కూర్చుని, తిట్లు తింటూ మళ్లీ కుట్టి రావాలి. దానికి మూల్యం పంట కోసినప్పుడు ఇచ్చే ధాన్యమే. వారంటీ ఎన్నేళ్లని ఎవరూ రాయలేదు. అది బతికున్నంత కాలం వారంటీ, ఆ తర్వాత కొడుకు వారంటీ. ఇప్పుడు యంత్రం చేసినవాడు వేరు, వాడుకునేవాళ్లం మేము. వెంటనే నియమం తిరగబడింది. యంత్రం చెడిపోతే వాడినవాడిదే తప్పు. తయారుచేసినప్పుడూ తప్పు మాదే, వాడుకున్నప్పుడూ తప్పు మాదేనంటే ఇది ఇంజినీరింగ్ సమస్య ఎట్లా అవుతుంది?

అంబేడ్కర్ "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో బండి ముచ్చట్లు రెండున్నాయి, గమనించారా? ఒకటి 1901లో. తండ్రి దగ్గరికి పోతూ మసూర్ స్టేషన్‌లో దిగిన పిల్లల కులం తెలిశాక ఎడ్లబండివాడు తోలనన్నాడు. రెట్టింపు కిరాయి తీసుకుని, పిల్లలే తోలుకుంటే తాను పక్కన నడుస్తానన్నాడు. రెండోది 1929లో చాళీస్‌గావ్‌లో. టాంగావాలాలు ఎవరూ ఆయన్ను ఎక్కించుకుని తోలడానికి ఒప్పుకోలేదు. టాంగా అద్దెకిచ్చారు, మనిషిని ఇవ్వలేదు. ఎన్నడూ కళ్లెం పట్టని ఒక మహర్ తోలాడు. వంతెన మీద టాంగా దెబ్బతిని అంబేడ్కర్ కింద పడి కాలు విరిగింది. అక్కడ నిజంగానే డ్రైవర్‌కు డ్రైవింగ్ రాదు. అయినా ఆయన ఆ మనిషిని తప్పుపట్టి ఊరుకోలేదు. రానివాడి చేతికి కళ్లెం ఎందుకు వచ్చిందో విచారించి రాశాడు. మా తమ్ముడికి డ్రైవింగ్ వచ్చు. వాడి విషయంలో ఆ విచారణ ఎవరూ చేయలేదు. ఈ పాఠాన్ని ఎన్నోసార్లు క్లాసులో చెప్పిన అక్కతో సహా.

2023 ఏప్రిల్ 14. హైదరాబాద్‌లో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఆవిష్కరణ. మా వాడలో జయంతి ఊరేగింపుకు ప్రతి ఏడాదీ బండి కిరాయికి తెస్తాం. ఆ ఏడాది మన వాడ బండి మీదనే బాబాసాహెబ్ పటం పోవాలని సంఘం పిల్లలు అనుకున్నారు. పూలు కూడా చెప్పారు. బండి అప్పటికి పంతొమ్మిది రోజులుగా సర్వీస్ సెంటర్‌లో ఉంది. ఊళ్లో పెద్దకులాల బండి ఒకటి కిరాయికి తెచ్చాం, డబల్ రేటు. కార్గో దగ్గర నెలవారీ కిరాయి మాట్లాడుకున్న పార్టీ ఆ నెలలోనే వేరే బండి పెట్టుకుంది. మరదలి పుస్తెల గొలుసు అప్పటికే కుదువలో ఉంది. తిరిగి కట్టక్కర్లేని 10 లక్షల పథకంలో ఇంటి మీద అప్పు ఎట్లా పడిందని అడిగేవాళ్లకు ఇదే లెక్క. బండి ఆగినా ఇన్సూరెన్స్ ఆగదు, ఇల్లు ఆగదు, పిల్లల ఫీజు ఆగదు.

మే నెలలో లాయర్ నోటీసు పంపాం. జూలైలో గేర్‌బాక్స్ మొత్తం మార్చారు. ఒక్క రూపాయి తీసుకోలేదు, ఒక్క మాట రాసి ఇవ్వలేదు. తప్పు డ్రైవర్‌దైతే గేర్‌బాక్స్ ఎందుకు మార్చారని అడిగితే "గుడ్‌విల్ మేడం" అన్నారు. తీసేసిన పాత గేర్‌బాక్స్ కంపెనీకి పోతుంది, అది మనకివ్వరు. అది పోతే సాక్ష్యం పోతుంది. తమ్ముడికి ఆ తెలివి నాకన్నా ముందే వచ్చింది. అది బండి నుంచి దించుతుంటే నంబర్‌తో సహా వీడియో తీశాడు.

మిగిలింది పోయిన కిరాయిల లెక్క. దాని కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోయాం. ఇది అందరికీ పనికొచ్చే సంగతి కాబట్టి వివరంగా చెప్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే చోటనే కేసు వేయొచ్చు, కంపెనీ ఉన్న ఊరికి పోనక్కర్లేదు. కొన్న ధర 5 నుంచి 10 లక్షల మధ్య ఉంటే ఫీజు 200 రూపాయలు. 5 లక్షల లోపైతే అదీ లేదు. లాయర్ తప్పనిసరి కాదు. రెండేళ్ల లోపు వేయాలి. బాగు చేయించడం, మార్చి ఇప్పించడం, డబ్బు వాపస్, నష్టపరిహారం, ఏదైనా అడగొచ్చు. అవసరమైతే కమిషనే పరీక్షకు పంపిస్తుంది. తెలియాల్సిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా సేవా లోపమేనని ఆ చట్టంలోనే ఉంది.

అవతలివాళ్లు వేసే మొదటి ఎత్తు ఏమిటంటే, ఇది గూడ్స్ బండి, వ్యాపారం కోసం కొన్నారు, కాబట్టి మీరు వినియోగదారులే కారు అని. మా నోటీసుకూ అదే జవాబు వచ్చింది. దాన్ని చూసి చాలామంది వెనక్కి పోతారు. పోవద్దు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొని సొంతంగా వాడుకుంటే అది వ్యాపార ప్రయోజనం కాదని చట్టం వివరణలోనే ఉంది. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఈ సంగతే విప్పి చెప్పారు. లారీ కొని తానే నడుపుకునేవాడు వినియోగదారుడే, కొని వేరేవాడి చేతికిచ్చి నడిపించేవాడు కాడు. అందుకే పథకంలో వచ్చిన బండిని పూర్తిగా వేరేవాళ్లకు కిరాయికి ఇచ్చేయకండి. డబ్బు తేలిగ్గా వస్తుందనిపిస్తుంది గానీ, బండి చెడినరోజు ఈ రక్షణ మీకు ఉండదు.

మా మిత్రుల్లోనే కొందరు అంటారు, బండ్లూ ట్రాక్టర్లూ అడగడం తప్పు, భూమి అడగాలి, చదువు అడగాలి అని. భూమి అడగాలి, నిజమే. కానీ భూమి వచ్చేదాకా బండి నడిపేవాడి పక్కన నిలబడకపోవడం ఎక్కడి ఉద్యమం? సభకు జనాన్ని తెచ్చేది ఆ డ్రైవర్లే, వాళ్ల గేర్‌బాక్స్ మాత్రం మనకు రాజకీయం కాదు. ఇంకొందరు ప్రభుత్వోద్యోగులున్నారు, మనవాళ్లే, వాళ్ల మాట ఇంకా ఘోరం: "ఉట్టిగ వచ్చిన బండే కదా, ఇంత లొల్లెందుకు?" షోరూముకు ఉట్టిగ రాలేదు సార్. దాని ధర మొదటి రోజే పూర్తిగా, పైసా బాకీ లేకుండా ముట్టింది. కంపెనీకి అంతకన్నా మంచి కస్టమర్ దొరకడు. ఆర్టీసీకి సొంత వర్క్‌షాపులున్నాయి, బస్సు చెడిందో చెడలేదో చెప్పే సొంత మెకానిక్‌లున్నారు. ప్రజాధనంతో వాడలకు ఇన్ని బండ్లు కొనిచ్చినప్పుడు జిల్లాకు ఒక్క మెకానికల్ ఇంజినీర్ అయినా మా తరఫున ఉండొద్దా? బండి ఆగిన రోజులకు మారు బండి ఇవ్వాలన్న షరతు, తెలుగులో ఒక చిన్న పుస్తకం, ఇవి అడగడానికి ఏం అడ్డమొచ్చింది? ప్రతి లబ్ధిదారుడి నుంచి దళిత రక్షణ నిధికి 10 వేలు పట్టుకున్నారు కదా. ఆపద వస్తే ఆదుకోవడానికన్నారు. రోడ్డు మీద ఆగిన బండి ఆపద కిందికి వస్తుందో రాదో ఒక ఆఫీసులో అడిగాం. ఆ సార్ మమ్మల్ని చూసి, ఫైల్ చూసి, ఫ్యాన్ చూశాడు.

2023 ఆగస్టు 26న మా పక్కనే చేవెళ్లలో ఇంకో పార్టీ వాళ్లు 12 లక్షలు ఇస్తామని డిక్లరేషన్ చదివారు. డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. అంకె పెరిగినా తగ్గినా, బండి చెడితే ఎవరు బాధ్యత అన్న లైను రెంటిలోనూ నాకు కనబడలేదు.

సంఘాల మిత్రులకు ఒక ప్రతిపాదన. మనకు కులాన్ని బట్టి, జిల్లాను బట్టి కమిటీలు వేయడం తెలుసు. ఒక్కసారి ఛాసిస్ నంబర్లను బట్టి కమిటీ వేద్దాం. ఒకే మోడల్, ఒకే ఏడాది బండ్లు ఎవరెవరికి వచ్చాయి, ఎవరికి ఏ గేర్ జారుతోంది, ఎన్ని కిలోమీటర్లకు జారింది, అన్నీ ఒక పుస్తకంలో రాద్దాం. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 110-ఎ అని ఒక సెక్షన్ ఉంది. లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి తీసుకోవాలని కేంద్రం ఆదేశించొచ్చు. ఒక్క బండి గురించి చెబితే డ్రైవర్ తప్పు అంటారు. అదే మోడల్ బండ్లు యాభై, అదే మూడో గేర్, అదే ఎత్తు మీద జారితే, యాభై మందికీ డ్రైవింగ్ రాదనాలి. అనమనండి చూద్దాం. మా తమ్ముడు ఆ పుస్తకం మొదలుపెట్టాడు. శంషాబాద్, కొత్తూరు, రాజేంద్రనగర్ వైపు నుంచి ఇప్పటికి పదకొండు పేర్లు వచ్చాయి. మీ దగ్గర ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, పేర్లు ఎక్కడా బయటపెట్టను.

కమిషన్‌లో కేసు నడుస్తోంది. వాయిదాకు పోయిన రోజు కిరాయి పోతుంది, ఆ లెక్క కూడా తమ్ముడు పుస్తకం వెనక పేజీలో రాస్తున్నాడు.

2024 ఏప్రిల్ 14న బాబాసాహెబ్ పటం మా బండి మీదనే పోయింది. అవ్వ, నాయిన ముందు నడిచారు. నేను క్యాబిన్‌లో తమ్ముడి పక్కన కూర్చున్నాను. వాడలోంచి ఊళ్లోకి పోయే దారిలో చిన్న ఎత్తు ఉంటుంది. కొత్త గేర్‌బాక్స్ వేసి తొమ్మిది నెలలైంది, ఒక్కసారీ జారలేదు. అయినా ఆ ఎత్తు రాగానే వాడి ఎడమ చేయి పోయి గేర్ రాడ్‌ను గట్టిగా అదిమి పట్టుకుంది. ఎత్తు ఎక్కి ఊళ్లోకి తిరిగేదాకా తీయలేదు. "ఇంకా ఎందుకురా పట్టుకుంటున్నవు?" అని అడిగాను. వాడు చేయి చూసుకుని, "పట్టుకున్ననా?" అన్నాడు.